మేడి పట్టిన ప్రభువు

రష్యా దేశమున, మాస్కో నగరమునకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, తూలా పట్టణమునకు చేరువలో యాస్నయా పోల్యానా అను గ్రామము కలదు. బారులు తీరిన భూర్జవృక్షములు, చెఱువులు, ఆపిలు తోటలు, దట్టమైన అడవి, ఆ అడవి అంచున పచ్చిక బీళ్ళు, ఆవల రైతుల కొయ్య యిండ్లు - ఇవియే ఆ గ్రామపు సొమ్ములు. 1828వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అచ్చటి ప్రభువుల యింట నాలుగవ కుమారుడుగా లియో టాల్‌స్టాయి జన్మించెను. 'యుద్ధము - శాంతి', 'అన్నా కరేనినా' అను నవలలచేత ఆయన పేరు లోకమంతటను వ్యాపించినది. అయితే ఆయన జీవితమున కలము పట్టిన దినములతో పాటు మేడి పట్టిన దినములును పెక్కు గలవు. పొలమున పగలంతయు చెమటోడ్చి, ప్రొద్దు గ్రుంకు వేళ ఇంటికి మరలు మనుష్యుని మనస్సున నుండు తృప్తి యెట్టిదో తెలిసికొనవలెనని ఆయన యౌవనము మొదలు వృద్ధాప్యము వరకు తపించెను.

టాల్‌స్టాయికి రెండేండ్లైనను నిండక ముందే తల్లి మరణించెను. తొమ్మిదవ యేట తండ్రియు పోయెను. మేనత్తలును, దూరపు బంధువగు తత్యానా అను పుణ్యాత్మురాలును పిల్లలను పెంచిరి. పెద్దన్న నికొలాయి కథలు కల్పించుటలో నేర్పరి. ఒకనాడు అతడు తమ్ములను చుట్టును కూర్చుండబెట్టుకొని, మనుష్యులందఱును రోగము, కలహము, దుఃఖము లేక బ్రదుకుటకు వలసిన రహస్యమును తాను కనిపెట్టితిననియు, దానినొక పచ్చని కఱ్ఱపై చెక్కి అడవిలోని లోయ అంచున పాతిపెట్టితిననియు చెప్పెను. అన్న మాట పసివాడు నమ్మెను. పెరిగి పెద్దవాడైన పిదపగూడ ఆ పచ్చని కఱ్ఱను మఱువలేదు.

1844లో కజాన్ విశ్వవిద్యాలయమున చేరి, చదువు పూర్తి చేయకయే 1847లో ఇల్లు చేరెను. ఆ యేడే అన్నదమ్ములు ఆస్తి పంచుకొనిరి. యాస్నయా పోల్యానా ఆయన వంతునకు వచ్చెను. భూమితో పాటు మూడు వందలకు పైగా మగవారు, వారి కుటుంబములు గూడ ఆయన సొత్తయ్యెను. ఆ కాలమున రష్యాలోని పల్లె రైతులలో పెక్కుమంది భూదాసులు. ప్రభువు పొలము దున్నుట వారి విధి. భూమి చేతులు మారినచో వారును దానితో పాటు చేతులు మారుదురు. పందొమ్మిదేండ్ల యువకుడు వారి బ్రదుకులు బాగుచేయవలెనని ఉత్సాహపడెను. కాని ప్రభువు మంచిమాట వెనుక ఏ మోసము దాగియున్నదో యని రైతులు శంకించిరి. తరతరములుగా దెబ్బలు తిన్నవారికి ఆ శంక కలుగుట వింత కాదు. యువకుని ఉత్సాహము చల్లారెను. తరువాత నాలుగేండ్లు మాస్కోలోను, పీటర్సుబర్గులోను జూదముతో, విందులతో గడచిపోయెను.

1851లో అన్న నికొలాయి వెంట కాకసస్ పర్వత ప్రాంతములకు పోయి సైన్యమున చేరెను. 1854-55లలో సెవాస్టొపోల్ ముట్టడిలో ఫిరంగుల నడుమ నిలిచెను. అప్పటికే రచయితగా పేరు వచ్చినది. అయితే ఆయన సైన్యమునందుండగనే యాస్నయా పోల్యానాలో తాను పుట్టిన పెద్ద భవనమును విప్పి అమ్మవలసి వచ్చెను. ఆ సొమ్ము జూదమున హరించిపోయెను. మిగిలిన చిన్న భవనములలో నొకటియే తరువాత ఆయనకు నివాసమయ్యెను. తన తప్పులను దాచుకొనుట ఆయనకు తెలియదు. దినచర్య పుస్తకమున వానిని గూర్చి నిర్దాక్షిణ్యముగా వ్రాసికొనెడివాడు.

1856లో ఇంటికి వచ్చి, భూదాసులను పిలిపించి, వారిని విడుదల చేయుదుననియు, వారు కొన్ని సంవత్సరములపాటు ఏటేట కొంత సొమ్ము చెల్లించినచో భూమి వారిదగుననియు ఒక ఏర్పాటును వారి యెదుట పెట్టెను. వారు సమ్మతింపలేదు. క్రొత్త చక్రవర్తి తన పట్టాభిషేక సమయమున ఎట్లును తమకు స్వేచ్ఛనిచ్చి, భూమిని ఉచితముగనే పంచిపెట్టునని ఊరూర పుకారు వ్యాపించి యుండెను. ఇంతలో ప్రభువు తొందరపడి పత్రములపై సంతకములు చేయించుకొనుటయేల? ఇందేదో కపటమున్నదని వారు నిశ్చయించుకొనిరి. టాల్‌స్టాయి నొచ్చుకొనెను. కూర్చున్నచోటి నుండి చేయు ధర్మమును వారు నమ్మరని కొంత కొంతగా ఆయనకు తెలియవచ్చెను.

అప్పుడే ఆయన కన్ను యూఫాన్ అను పనివానిపై పడినది. యూఫాన్ నాగలి పట్టినపుడు మోచేతులను రెండు ప్రక్కలకు వెడల్పుగా చాచి, నేలను అణచిపెట్టువానివలె నడచెడివాడు. అతని ఒడుపు, బలము చూచి టాల్‌స్టాయి ముగ్ధుడయ్యెను. తానును మోచేతులు చాచి, అదే తీరున మేడి పట్టి చాళ్ళు తోలుటకు పూనుకొనెను. అన్న నికొలాయికి ఇది మంచి వినోదమయ్యెను. తమ్ముడు ఇప్పుడు యూఫాను వేషము కట్టుచున్నాడని మిత్రులకు చెప్పి నవ్వించెడివాడు. ఆ పరిహాసమున కొంత సత్యము లేకపోలేదు. పనివాని ఒడుపు చూచి మెచ్చుకొనుట వేఱు, వాని బరువు మోయుట వేఱు. ఆ భేదము టాల్‌స్టాయి మనస్సునకు పూర్తిగా ఎక్కుటకు మఱి పాతికేండ్లు పట్టినది. అంత చక్కగా నవ్వించిన నికొలాయి 1860లో క్షయవ్యాధితో మరణించెను.

1859లో గ్రామమునందు రైతుబిడ్డల కొరకు బడి పెట్టి స్వయముగా పాఠములు చెప్పెను. బెత్తము లేని బడి అది. 1861లో చక్రవర్తి శాసనముచేత రష్యా భూదాసులందఱు విముక్తులైరి. ఆ సందర్భమున భూస్వాములకును రైతులకును నడుమ వచ్చు తగవులు తీర్చు అధికారిగా టాల్‌స్టాయి నియమింపబడెను. ఆయన రైతుల పక్షము వహించుచున్నాడని భూస్వాములు మండిపడిరి. 1862లో మాస్కో నగరపు వైద్యుని కుమార్తెయగు సోఫియాను వివాహమాడెను. ఆమెకు అప్పుడు పదునెనిమిదేండ్లు, ఆయనకు ముప్పదినాలుగు. తేనెటీగలు, పందులు, ఆపిలు చెట్లు, క్యాబేజీ మళ్ళు - ఇట్లు సేద్యపు పనులన్నియు ఆయన స్వయముగా చూచుకొనసాగెను. రాత్రులు రచన. 'యుద్ధము - శాంతి' వ్రాతప్రతిని భార్య పలుమార్లు చక్కని దస్తూరితో తిరుగ వ్రాసెను. 1869లో ఆ మహాగ్రంథము ముగిసినది.

ఇన్నేండ్లు గదిలో కూర్చుండి వేలకొలది పుటలు వ్రాసిన మనుష్యుడు 1870 వేసవిలో కలమును ప్రక్కన పెట్టి, గొడ్డలి, పార, కొడవలి చేతబట్టెను. ఆ వేసవిలో తాను గుఱ్ఱమువలె పని చేయుచు, గుఱ్ఱమువలె ఆలోచన లేక సుఖముగా నున్నానను భావమును మిత్రునకు జాబు వ్రాసెను. గడ్డి కోత పనియనగా ఆయనకు ప్రాణము.

ఆ గడ్డి కోత యెట్టిదో తెలియవలెను. మన పైరు కోతవలె వంగి చేయునది కాదు. రష్యా రైతు నిలువెత్తు పిడి గల పెద్ద కొడవలిని రెండు చేతులతో పట్టి, నడుము త్రిప్పి, కుడి నుండి ఎడమకు ఒక్క విసురున గడ్డిని నేలబారుగా కోయును. తెల్లవాఱక మునుపే పని మొదలగును. ఏలయనగా మంచు తడి యున్నంతవరకే గడ్డి మెత్తగా తెగును. ఎండ ముదిరినచో బిరుసెక్కి కత్తిని ఎగదన్నును. కోతకాండ్రు మునుము పట్టి, ఒకని వెనుక నొకడు ఏటవాలుగా నిలిచి సాగుదురు. ముందువాడు ఎంత వడిగా పోవునో వెనుకవాడును అంత వడిగా పోవలెను. ఆగినచో వెనుకనున్నవాని కత్తి మడమను తాకును. కనుక ప్రభువైనను, పాలేరైనను ఆ వరుసలో నిలిచిన తరువాత అడుగు తప్పుటకు వీలులేదు. వరుస చివర ఆగి, పిడికెడు గడ్డితో కత్తి తుడిచి, నూరుడు రాతితో పదును పెట్టుకొని, మరల మొదలు. ఆ రాతి చప్పుడు ప్రాతఃకాలమున మైదానమంతటను వినవచ్చును.

మొదటి వరుసలలో క్రొత్తవాని అవస్థ చెప్పనలవి కాదు. కత్తి మొన నేలలో దిగబడును, గడ్డి సగము తెగి సగము నిలుచును, ఊపిరి అందదు, వీపున చెమట కాలువలు కట్టును. చేతితో కోయుచున్నానను ఎఱుక ఉన్నంతవరకే ఈ బాధ. కొన్ని వరుసలు గడచిన పిదప ఏదో ఒక క్షణమున శరీరము దానంతట అది నడచుట మొదలిడును. కత్తియే మనుష్యుని లాగికొని పోవుచున్నట్లుండును. మధ్యాహ్నమున స్త్రీలును, పిల్లలును రొట్టె, పులియబెట్టిన క్వాస్ అను పానీయము తెత్తురు. మన పల్లెలలో పొలమునకు అంబలి ముంత వచ్చుట వంటిదే ఇదియును. బండి నీడనో, పొద నీడనో కూర్చుండి, ఎండు రొట్టె ముక్కలు అందు నానవేసికొని తిని, ఒక కునుకు తీసి, మరల లేతురు. స్త్రీలు కోసిన గడ్డిని తిరుగవేయుచు పోగులు పెట్టుదురు. సూర్యుడు అడవి వెనుకకు దిగువేళకు, ఉదయమున మోకాలెత్తు గడ్డితో ఊగిన బీడు నున్నగా దువ్విన తలవలె కన్పట్టును.

ఆ వేళ కొడవలి భుజమున వేసికొని గుంపుతో ఇంటికి నడచుటలోని సుఖమును టాల్‌స్టాయి మఱువలేదు. 1875 - 77లలో ప్రచురింపబడిన 'అన్నా కరేనినా' నవలలో లేవిన్ అను భూస్వామి పాత్రకు ఆ దినమును యథాతథముగా ప్రసాదించెను. లేవిన్ ఉదయమున రైతుల నడుమ బెదరుచు నిలుచును. సాయంకాలమునకు ఒక ముసలి రైతు పెట్టిన రొట్టె తిని, అందఱితో కలిసి అనుకొన్నదాని కంటె ఎక్కువ బీడు కోసి, తడిసిన చొక్కాతో, ఆనందముతో ఇల్లు చేరును. ఇంట అతని అన్న పగలంతయు తలుపులు మూసికొని చదువుకొనుచు గడపియుండును. అన్నదమ్ములిద్దఱును ఆ దినము చక్కగా గడచెననియే తలతురు. కాని చదువరి మనస్సు లేవిన్ వెంటనే పోవును. చేసిన పని కంటి యెదుట కన్పడుటయు, పదిమందితో కలిసి చేయుటయు, అలసట నిజమైన అలసటయగుటయు - తృప్తికి ఇంతకంటె వేఱు కారణములు వెదకనక్కఱలేదు.

ఇంతవరకు ఆయనకు సేద్యపు పని ఒక సుఖము. ఏబదియవ యేడు సమీపించునప్పటికి అది ఒక ప్రశ్నగా మాఱెను. కీర్తి, సంపద, సంతానము అన్నియు నున్నను, వీని ప్రయోజనమేమను చింత ఆయనను పట్టి పీడించినది. 1881లో పిల్లల చదువుల కొరకు కుటుంబము మాస్కోకు మకాము మార్చెను. నగరపు పేదవాడలను చూచి టాల్‌స్టాయి దిగ్భ్రమ చెందెను. 1882లో మాస్కో జనాభా లెక్కలు తీయుచుండగా తానును లెక్కలు వ్రాయువాడుగా చేరి, దరిద్రులు క్రిక్కిరిసి యుండు సత్రములలో తిరిగెను. అందఱకును డబ్బు పంచి బాగుచేయవచ్చునని తలపోసి, అది వ్యర్థమని గ్రహించెను.

ఆ దినములలో ఆయన నది దాటి పిచ్చుకకొండల యొద్దకు పోయి, ఇద్దఱు పల్లెటూరి కూలీలతో కలిసి కట్టెలు కోయుచుండెడివాడు. ఒక శనివారము సాయంకాలము పని ముగించి ముగ్గురును కలిసి నడచుచుండగా వంతెన యొద్ద ఒక ముసలి బిచ్చగాడు చేయి చాచెను. సెమ్యోన్ అను కూలి మూడు కోపెక్కుల నాణెమిచ్చి, రెండు తిరిగి ఇమ్మనెను. ముసలివాని చేత సరిపోవు చిల్లర లేదు. సెమ్యోన్ ఒక క్షణమాగి, టోపీ తీసి శిలువ గుర్తు వేసికొని, మూడింటిని అతనికే విడిచి సాగిపోయెను. టాల్‌స్టాయి ఇరువది కోపెక్కులిచ్చెను. పిదప లెక్క వేసికొనెను. సెమ్యోన్ కూడబెట్టినది మొత్తము ఆరు రూబిళ్ళ ఏబది కోపెక్కులు. తన ఆస్తి ఆరు లక్షల రూబిళ్ళు. సెమ్యోన్ ఇచ్చినంత ఇచ్చుటకు తాను మూడువేల రూబిళ్ళీయవలెను! పైగా సెమ్యోన్ ఇచ్చినది తన చేతులతో సంపాదించినది. తానిచ్చినది పల్లె రైతుల చెమట నుండి వచ్చినది. ముగ్గురును ఒకే ఱంపము లాగిరి, ఒకే విధముగా అలసిరి. అయినను ఆ సాయంకాలపు తృప్తి ముగ్గురికి ఒకటి కాదు. పాతికేండ్ల క్రిందట అన్న చేసిన పరిహాసమునకు అర్థమేమో ఆనాడు తెలిసినదనవచ్చును.

1885లో సైబీరియాకు బహిష్కరింపబడిన తిమొఫేయి బోందరేవ్ అను రైతు వ్రాసిన గ్రంథమును టాల్‌స్టాయి చదివెను. ప్రతి మనుష్యుడును తాను తిను రొట్టెను తన చేతుల కష్టముతో పండించుకొనవలెననియు, డబ్బిచ్చి ఆ విధి నుండి తప్పుకొనుట ఎవ్వరికిని తగదనియు ఆ రైతు వాదన. దేశమంతయు మ్రొక్కు మహారచయిత ఆ పల్లెటూరివానిని తన గురువులలో ఒకనిగా చెప్పుకొనెను. ఆ గ్రంథమునకు పీఠిక గూడ వ్రాసెను.

ఆ కాలమున పూర్తిచేసిన ఒక గ్రంథమునందు ఆయన మనుష్యుని దినమును నాలుగు పూటలుగా విభజించెను. గుఱ్ఱమును కాడికి కట్టినది మొదలు విప్పువరకు గల కాలము రైతుకు ఒక పూట. మొదటి పూట చెమటోడ్చు మోటుపని. రెండవది చేతివ్రేళ్ళ నేర్పుతో చేయు వృత్తిపని. మూడవది బుద్ధితో చేయు పని. నాలుగవది తోటివారితో కలిసి మెలిసి యుండుట. ఈ నాలుగును గల దినమే సంపూర్ణమైన దినమని ఆయన తలచెను. అందులకు తగినట్లు తెల్లవాఱి లేచి కట్టెలు చీల్చెను, నీరు మోసెను, బూట్లు కుట్టుట నేర్చెను. వేసవిలో యాస్నయా పోల్యానాలో దిక్కులేని వితంతువుల పొలములు దున్నెను, గడ్డి తోలెను, వారి గుడిసెలు కట్టెను. కుమార్తె మరియా పల్లె స్త్రీలతో సమానముగా పొలమున పనిచేసెను. 1886లో ఒక వితంతువునకు గడ్డి తోలుచు కాలికి దెబ్బ తగిలించుకొని, అది విషమించి, రెండు నెలలకు పైగా మంచము పట్టెను. మంచముననే యొక నాటకము వ్రాసెను. 'మనిషికి ఎంత భూమి కావలెను' అను కథయు ఆ సంవత్సరముదే. ప్రొద్దు గ్రుంకులోపల ఎంత నేల చుట్టివచ్చిన అంతయు నీదేయనగా, ఆశతో పరుగెత్తి పరుగెత్తి ప్రాణము విడిచిన రైతు కథ అది.

1887 ఆగష్టులో ఇల్యా రేపిన్ అను సుప్రసిద్ధ చిత్రకారుడు యాస్నయా పోల్యానాకు వచ్చెను. ఒక మండుటెండ నాడు టాల్‌స్టాయి ఒక వితంతువు నేల దున్నుటకు పోవుచుండగా రేపిన్ వెంట వెళ్ళెను. గుఱ్ఱమును నాగలికి కట్టి, వెనుక రెండవ గుఱ్ఱమునకు దంతె తగిలించి, అప్పటికి ఏబదితొమ్మిదేండ్లు నిండనున్న ఆ గడ్డపు మనుష్యుడు ఆరు గంటల కాలము ఎడతెఱపి లేకుండ నల్లరేగడి నేలను దున్నెను. మిట్ట ఎక్కుచు, పల్లము దిగుచు చాలు వెంట చాలు తోలెను. ఆయన తన ముందుగా పోవు ఒకటి రెండు నిమిషములలో రేపిన్ గబగబ గీతలు గీసికొని, మరల ఆయన తిరిగివచ్చువరకు వేచియుండెను. నడుమ నొకసారి టాల్‌స్టాయి మేడిని చిత్రకారుని చేతికిచ్చెను. పాపము, రేపిన్ పల్లమునకు ఒక చాలు వంకర టింకరగా తోలి, మిట్ట ఎక్కవలసి వచ్చునప్పటికి పది అడుగులైనను వేయలేకపోయెను. వ్రేళ్ళు మొద్దుబాఱెను. ఆ దినపు గీతల నుండి పుట్టిన చిత్రము నేటికిని మాస్కోలోని ట్రెట్యకోవ్ చిత్రశాలలో నున్నది. అందు ముందు తెల్ల గుఱ్ఱము, వెనుక తెల్ల టోపీ పెట్టిన వృద్ధుడు, చుట్టును అంతులేని దుక్కినేల.

చిత్రము చూచినవారు మెచ్చుకొందురు. కాని ఆ యింటి ఇల్లాలి తలపులు వేఱు. సోఫియా పదుముగ్గురు బిడ్డలను కన్న తల్లి. కొందఱు పసితనముననే పోయిరి. 1883లో టాల్‌స్టాయి ఆస్తి వ్యవహారములపై అధికారమంతయు ఆమెకు వ్రాసియిచ్చెను. పిల్లల చదువులు, పెండ్లిండ్లు, పుస్తకముల అచ్చు, భూముల లెక్కలు, ఎడతెగని అతిథులు - ఈ బరువంతయు ఆమె నెత్తిన పడెను. లోకమునకు మహాగ్రంథములీయ గలవాడు ఎవడైనను చేయగల కట్టెపని చేయుచు కూర్చుండుట ఆమెకు రుచింపలేదు. పల్లెలో ఆయన రాబిన్సన్ క్రూసో ఆట ఆడుకొనుచున్నాడని 1884లో ఒక జాబున ఎత్తిపొడిచెను. ఆమె మాటను త్రోసివేయుటకు వీలులేదు. వితంతువు పొలము దున్ని వచ్చిన మనుష్యునకు ఇంట తెల్లని బట్ట పఱచిన బల్లపై సేవకులు వడ్డింతురు. ఆ వితంతువు మాత్రము మఱునాడును, ఆ మఱునాడును పొలమునకే పోవలెను. ఇతరుల కంటె ముందు ఈ వ్యత్యాసమును గుర్తించి సిగ్గుపడినవాడు టాల్‌స్టాయియే. 1891లో, 1881 తరువాత వ్రాసిన గ్రంథములపై తనకు హక్కు లేదని ప్రకటించెను. భూములను భార్యాబిడ్డలకు పంచియిచ్చి తాను దేనికిని యజమాని కాకుండెను. అయినను ఆ యింటనే నివసించుట తప్పలేదు. పగటి పని తృప్తినిచ్చెను. రాత్రి భోజనము ఆ తృప్తిని హరించెను. ముప్పదేండ్లు ఈ పెనుగులాట సాగినది.

1891లో పంటలు ఎండి రష్యాలో ఘోరమైన క్షామము వచ్చెను. టాల్‌స్టాయి కుమార్తెలతో ర్యజాన్ మండలమునకు పోయి, బెగిచెవ్కా అను పల్లెలో మకాము పెట్టి, ఊరూర ఉచిత భోజనశాలలు తెఱచెను. వాని సంఖ్య రెండు వందలు దాటినది. అన్నము పెట్టుటతోనే ఆగక, మఱు సంవత్సరపు విత్తనములకును, గుఱ్ఱముల మేతకును ఏర్పాటు చేసెను. గుఱ్ఱము చచ్చిన రైతు బ్రదికియు చచ్చినవాడేయని ఆయనకు నాగలి పట్టిన అనుభవముచేత తెలియును. భర్తను ఎత్తిపొడిచిన సోఫియాయే పత్రికలో విజ్ఞప్తి ప్రకటించి విరాళములు ప్రోగుచేసెను. ఆ రెండేండ్లు దంపతుల నడుమ తగవునకు తావు తక్కువ.

టాల్‌స్టాయి ఆలోచనలు దక్షిణాఫ్రికాలో నున్న గాంధీగారిని గాఢముగా ఆకర్షించెను. ఇరువురకును 1909 - 10లలో ఉత్తర ప్రత్యుత్తరములు నడచెను. 1910లో సత్యాగ్రహుల కుటుంబముల కొరకు జోహాన్స్‌బర్గునకు 21 మైళ్ళ దూరమున, గాంధీగారి మిత్రుడగు కాలెన్‌బాక్ తానిచ్చిన 1,100 ఎకరముల తోటకు టాల్‌స్టాయి క్షేత్రమని పేరు పెట్టెను. అందు నివసించినవారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తర హిందూస్థానము వారే గాక ఆంధ్రదేశము నుండి పోయినవారును గలరు. అచ్చట సేవకులు లేరు. వంట మొదలు పాకీపని వరకు, మట్టి త్రవ్వుట మొదలు చెప్పులు కుట్టుట వరకు అన్నియు అచ్చటివారే చేసికొనిరి. బోందరేవ్ అను సైబీరియా రైతు భావము టాల్‌స్టాయి ద్వారమున గాంధీగారిని చేరి, తరువాత మన దేశపు ఆశ్రమములలో శరీరశ్రమ వ్రతమయ్యెను.

ఆ సంవత్సరమే, నవంబరు 10వ తేదీ తెల్లవాఱుజామున, ఎనుబదిరెండేండ్ల టాల్‌స్టాయి వైద్యుని మాత్రము వెంటబెట్టుకొని ఇల్లు విడిచెను. ఎచ్చటనైనను ఒక రైతు గుడిసెలో తుది దినములు గడపవలెనని ఆయన కోరిక. అది నెఱవేఱలేదు. రైలులో చలికి ఊపిరితిత్తుల వాపు వచ్చి, అస్తాపొవో అను చిన్న స్టేషనున దిగవలసి వచ్చెను. స్టేషను మాస్టరు ఇంటిలో 1910 నవంబరు 20వ తేదీన మరణించెను. సోఫియా అచ్చటికి వచ్చియు, ఆయనకు స్మారకము తప్పువరకు లోనికి పోవుటకు నోచుకొనలేదు.

భౌతికకాయమును రైలులో గ్రామమునకు చేర్చిరి. స్టేషను నుండి కుమారులును, యాస్నయా పోల్యానా రైతులును పేటికను మోసికొని వచ్చిరి. వెనుక వేలకొలది జనులు నడచిరి. ఆయన కోరిన విధముగనే అడవిలో, లోయ అంచున, చిన్ననాడు అన్న పచ్చని కఱ్ఱను పాతిపెట్టితినని చెప్పిన చోట గొయ్యి త్రవ్వి పూడ్చిరి. ఆ మట్టిదిబ్బపై శిలువ లేదు, రాతి పలక లేదు, పేరును లేదు. చుట్టును చెట్లు. వేసవి వచ్చునప్పటికి దిబ్బ నిండ పచ్చిక మొలచును.